గిరీశం సోషియోపాతా? : 'కన్యాశుల్కం'లో విలోమనాయక పాత్ర - మనోవైజ్ఞానిక నిర్ధారణకు గల పరిమితులు

వ్యాససంగ్రహం

గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' నాటకంలోని గిరీశం తెలుగు సాహిత్యంలో అత్యంత ప్రసిద్ధమైన విలోమనాయక పాత్ర. అబద్ధం, మోసం, పశ్చాత్తాపరాహిత్యం అతనిలో స్పష్టంగా కనిపిస్తాయి. అందువల్ల అతణ్ణి 'సోషియోపాత్' అనే మనోవైజ్ఞానిక పరిభాషతో పిలవడం సులభం. ఆ పిలుపు పాఠానికి ఎంతవరకు సరిపోతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. హెర్వే క్లెక్లీ లక్షణపట్టిక, రాబర్ట్ హేర్ కొలమానం, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ నిర్ధారణ సూత్రాలు ఇందుకు ఆధారాలు. లక్షణాల సంఖ్య పరంగా గిరీశం ఈ నిర్ధారణకు చాలా దగ్గరకు వస్తాడని, అయితే బాల్యచరిత్ర, ప్రేరణ, సాంస్కృతిక ప్రమాణం అనే మూడు చోట్ల ఆ నిర్ధారణ నిలబడదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అదే సమయంలో, విమర్శ గిరీశం చమత్కారానికి లొంగి బుచ్చమ్మకు జరిగిన హానిని మరుగుపరచకుండా ఉండడానికి ఈ ప్రశ్న ఉపకరిస్తుందని నిరూపిస్తుంది.

కీలకపదాలు: కన్యాశుల్కం, గిరీశం, విలోమనాయకుడు, సోషియోపాత్, సంఘవ్యతిరేక మూర్తిమత్వ రుగ్మత, విటుడు, బుచ్చమ్మ, మధురవాణి.

1. ఉపోద్ఘాతం

'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైంది. 1897లో తొలికూర్పు, 1909లో సమూలంగా పెరిగిన మలికూర్పు అచ్చయ్యాయి. మనం నేడు చదివేది, చదివించేది ప్రధానంగా మలికూర్పునే. ఈ వ్యాసానికీ అదే ఆధారం.

ఈ నాటకంలో ధీరోదాత్తుడు లేడు. సౌజన్యారావు పంతులు సజ్జనుడే అయినా ఆయన ప్రవేశం నాటకం చివరి భాగంలో జరుగుతుంది. తెర లేచినప్పుడు బొంకులదిబ్బ మీద కనిపించేవాడు గిరీశం. తెర పడే ముందు చివరి మాట పలికేవాడూ గిరీశమే. నాయకుడికి దక్కవలసిన రంగస్థానమంతా నాయకగుణాలు లేనివాడికి దక్కింది. ఆంగ్ల విమర్శ ఇటువంటి పాత్రను 'యాంటీ హీరో' అంటుంది. దీనికి 'ప్రతినాయకుడు' అన్న మాట వాడితే అర్థం మారిపోతుంది. మన అలంకారశాస్త్రంలో ప్రతినాయకుడు నాయకుడికి శత్రువు. గిరీశం ఎవరికీ శత్రువు కాడు. నాయకుడు కూర్చోవలసిన పీటమీద తాను కూర్చున్నవాడు. అందుచేత ఈ వ్యాసంలో 'విలోమనాయకుడు' అన్న పదాన్ని స్వీకరిస్తున్నాను.

విలోమనాయకుణ్ణి చూసిన పాఠకుడికి కలిగే మొదటి సందేహం నైతికమైనది: ఇతడు చెడ్డవాడా? ఆధునిక పాఠకుడు ఆ సందేహాన్ని వైద్యభాషలోకి మార్చుకుంటాడు: ఇతడు రోగా? ఈ మార్పు చిన్నది కాదు. చెడ్డతనానికి బాధ్యత ఉంటుంది, రుగ్మతకు చికిత్స ఉంటుంది. ఒక సాంఘిక నాటకంలోని కేంద్రపాత్రను రోగిగా నిర్ధారిస్తే ఆ నాటకం సంఘం మీద మోపిన అభియోగం ఏమవుతుందన్నది ఇక్కడి అసలు ప్రశ్న.

2. పరిభాష - పరికరాలు

'సోషియోపాత్' అన్న మాటను 1930లో జి. ఇ. పార్ట్రిడ్జ్ మనోవైద్య చర్చలో ప్రముఖంగా వాడాడు. 1941లో హెర్వే క్లెక్లీ 'ది మాస్క్ ఆఫ్ శానిటీ' గ్రంథం ప్రచురించాడు. పైకి సంపూర్ణ ఆరోగ్యవంతుడిలా, ఆకర్షణీయుడిలా కనిపిస్తూ లోపల భావదారిద్ర్యంతో ఉండే వ్యక్తిని ఆయన వర్ణించాడు. అనంతర ముద్రణల్లో ఆ వర్ణన 16 లక్షణాల పట్టికగా స్థిరపడింది. 1952లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తొలి నిర్ధారణ గ్రంథం 'సోషియోపాతిక్' అన్న విశేషణాన్ని అధికారికంగా స్వీకరించింది. 1980 నాటి మూడవ కూర్పులో దాని స్థానంలో 'యాంటీసోషల్ పర్సనాలిటీ డిజార్డర్' అన్న పేరు వచ్చింది. దీన్ని తెలుగులో 'సంఘవ్యతిరేక మూర్తిమత్వ రుగ్మత' అనవచ్చు. కాబట్టి 'సోషియోపాత్' ఈనాడు అధికారిక నిర్ధారణ నామం కాదు. వాడుకలో మిగిలిన పాత పేరు.

ఇంకొక భేదాన్ని కూడా గుర్తించాలి. డేవిడ్ లిక్కెన్ వంటి పరిశోధకులు 'సైకోపాత్', 'సోషియోపాత్' పదాలను విడదీశారు. మొదటిది పుట్టుకతో వచ్చిన స్వభావవైపరీత్యం, రెండవది పెంపకం, సామాజికీకరణ దెబ్బతిన్నందువల్ల ఏర్పడినది. రాబర్ట్ హేర్ రూపొందించిన కొలమానంలో 20 అంశాలుంటాయి. ఒక్కొక్క అంశానికి 0 నుంచి 2 వరకు అంకెలు, మొత్తం 40. ఉత్తర అమెరికాలో సాధారణంగా 30ని హద్దుగా తీసుకుంటారు. ఈ అంకెలు వేయడానికి ముఖాముఖి సంభాషణ ఒక్కటే చాలదు. ఆ వ్యక్తి గతాన్ని తెలిపే ఇతర పత్రాలు కూడా పరిశీలించాలి. ఈ నియమం మన చర్చకు తరువాత అవసరమవుతుంది.

2013 నాటి అయిదవ కూర్పు ప్రకారం సంఘవ్యతిరేక మూర్తిమత్వ రుగ్మతను నిర్ధారించడానికి ఏడు లక్షణాల్లో కనీసం మూడు ఉండాలి. అవి: అరెస్టుకు దారితీసే పనులను పదేపదే చేయడం, వంచన, ముందుచూపు లేని ఆవేశప్రవర్తన, కొట్లాటలకు దిగే దూకుడు, తన భద్రతనూ ఇతరుల భద్రతనూ లక్ష్యపెట్టకపోవడం, పనిలోనూ అప్పుల్లోనూ నిలకడలేని బాధ్యతారాహిత్యం, పశ్చాత్తాపం లేకపోవడం. వ్యక్తికి 18 ఏళ్లు నిండి ఉండాలి. 15 ఏళ్లకు ముందే ప్రవర్తనాదోషాలు మొదలైనట్లు ఆధారం ఉండాలి. వీటన్నిటికీ మూలంగా మూర్తిమత్వ రుగ్మతలన్నిటికీ వర్తించే ఒక సామాన్య నియమం ఉంది: ఆ వ్యక్తి ప్రవర్తన అతని సంస్కృతి ఆశించే ప్రవర్తన నుంచి గణనీయంగా పక్కకు తొలగి ఉండాలి.

1909లో ఈ పరిభాష లేదు కనుక దాన్ని గిరీశానికి అన్వయించరాదన్న ఆక్షేపణ నిలవదు. పేరు పుట్టకముందూ రుగ్మత ఉండవచ్చు. అన్వయం సరిపోతుందా లేదా అన్నదే పరీక్షించవలసినది.

3. అనుకూల సాక్ష్యం

నిర్ధారణకు అనుకూలమైన సాక్ష్యాన్ని తగ్గించి చూపడం న్యాయం కాదు. అది బలంగానే ఉంది.

3.1 వంచన: సంతలో సామాన్లు కొనితెస్తానని పూటకూళ్లమ్మ దగ్గర 20 రూపాయలు తీసుకుని ఆ సొమ్మును మధురవాణి కోసం ఖర్చుపెట్టడంతో గిరీశం మనకు పరిచయమవుతాడు. తన బొంకును తానే మనకు చెబుతాడు. కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు ఎదుట ఒక గిరీశం, వెంకమ్మ ఎదుట మరొక గిరీశం, బుచ్చమ్మ వింటున్నప్పుడు వేరొక గిరీశం కనిపిస్తారు. సంస్కర్త సౌజన్యారావు పంతులు దగ్గరకు చేరేసరికి విధవావివాహోద్యమమే అతని వేషమవుతుంది.

3.2 బాధ్యతారాహిత్యం: అప్పులు తీర్చడు. స్థిరమైన జీవనోపాధి లేదు. చదువు చెబుతానని వెంకటేశాన్ని చేరదీసి అతనికి నేర్పినది చుట్ట కాల్చడం, కోతలు కోయడం. పరీక్ష తప్పిన శిష్యుడి సెలవులను తాను ఊరు దాటడానికి సాధనంగా వాడుకుంటాడు.

3.3 పశ్చాత్తాపరాహిత్యం: ఇది అన్నిటికన్నా బలమైన సాక్ష్యం. నాటకాంతంలో బండారం బయటపడినప్పుడు గిరీశం చింతించేది చేసిన పనికి కాదు, తన కథ ఎదురుతిరిగినందుకు. బుచ్చమ్మ గురించి ఒక్క ముక్క అనకుండానే అతని చివరి వాక్యం ముగుస్తుంది.

ఏడింటిలో ఈ మూడు చాలు, సంఖ్యానియమం పూర్తయింది. క్లెక్లీ పట్టికతో పోల్చినా పైపై ఆకర్షణ, తెలివితేటలు, నమ్మదగనితనం, అసత్యవాదిత్వం, మితిమీరిన అహం, జీవితానికి ఒక ప్రణాళిక లేకపోవడం సరిపోతాయి. ఇక్కడితో ఆగే పాఠకుడు గిరీశం సోషియోపాత్ అని తేల్చివేస్తాడు. పట్టికను పూర్తిగా చదివితే ఫలితం వేరుగా ఉంటుంది.

4. నిర్ధారణ నిలవని చోట్లు

4.1 లేని బాల్యం

15 ఏళ్లకు ముందు గిరీశం ఎలాంటివాడు? నాటకంలో దీనికి సమాధానం లేదు. అతడు లుబ్ధావధాన్లుకు బంధువని తెలుస్తుంది. కొంత ఇంగ్లీషు చదివాడని తెలుస్తుంది. అంతకుమించి అతని పెంపకాన్ని గురించి పాఠం ఏమీ చెప్పదు. రోగి గతాన్ని వైద్యుడు బంధువులను అడిగి తెలుసుకోగలడు. నాటకపాత్రకు పాఠం వెలుపల గతం ఉండదు. గిరీశం బాల్యాన్ని ఊహించి నిర్ధారణకు చేర్చడమంటే గురజాడ రాయని నాటకాన్ని మనం రాయడమే. హేర్ కొలమానం ఇతర పత్రాలు లేకుండా అంకెలు వేయవద్దంటుంది. మన దగ్గర ఉన్న ఏకైక పత్రం నాటకం. అందులో ఆ పుట ఖాళీ.

దీన్ని కేవలం సాంకేతికమైన అభ్యంతరంగా కొట్టివేయడానికి వీల్లేదు. లిక్కెన్ విభజన ప్రకారం 'సోషియోపాత్' అన్న మాటకు ప్రాణమే పెంపకంలోని లోపం. పెంపకం తెలియని పాత్రకు ఆ మాటను అంటగడితే మాటలోని అర్థం పోయి తిట్టు మాత్రమే మిగులుతుంది.

4.2 ప్రేరణ

క్లెక్లీ పట్టికలో తరచుగా విస్మరణకు గురయ్యే అంశం ఒకటుంది: తగిన ప్రేరణ లేని సంఘవ్యతిరేక ప్రవర్తన. క్లెక్లీ వర్ణించిన వ్యక్తి లాభం లేకున్నా అబద్ధమాడతాడు, అవసరం లేకున్నా దొంగిలిస్తాడు, చేతికందిన జీవితాన్ని కారణం లేకుండా చెడగొట్టుకుంటాడు. సాధారణ మోసగాడి నుంచి అతణ్ణి వేరుచేసేది ఈ నిష్కారణత్వమే.

గిరీశం అబద్ధాల్లో నిష్కారణమైనది వెతికి పట్టుకోవడం కష్టం. పూటకూళ్లమ్మతో ఆడిన అబద్ధం డబ్బు కోసం. ఫొటోల బాకీ వసూలుకు వచ్చిన బంట్రోతుతో ఆడినది తప్పించుకోవడం కోసం. అగ్నిహోత్రావధాన్లుకు కోర్టు వ్యవహారాల్లో సాయపడతానని చెప్పినది ఆ ఇంట్లో ఉండనివ్వడం కోసం. వెంకమ్మ ఎదుట శిష్యుడితో కలిసి పొంతనలేని ఇంగ్లీషు మాటలు వల్లించినది ఆమె అభిమానం సంపాదించడం కోసం. ప్రతి అబద్ధం వెనుక ఒక ధర ఉంది: ఒక పూట భోజనం, ఒక రాత్రి బస, ఒక నెల ఆశ్రయం. ఆస్తి లేక, పూర్తికాని ఇంగ్లీషు చదువు మాత్రమే పెట్టుబడిగా ఉన్న యువకుడు తన నాలుకను అమ్ముకుని బతుకుతున్నాడు. ఇది అధర్మమే. కానీ దీన్ని అర్థం చేసుకోవడానికి రోగశాస్త్రం కన్నా ఆనాటి ఉత్తరాంధ్ర పట్టణాల్లో ఇంగ్లీషు చదువుకు ఏర్పడిన మారకపు విలువ ఎక్కువగా తోడ్పడుతుంది.

4.3 భయం

క్లెక్లీ వర్ణించిన వ్యక్తికి ఆందోళన ఉండదు. గిరీశం అలాంటి నిర్భయుడు కాడు. పూటకూళ్లమ్మ చీపురుకట్టతో వస్తే మధురవాణి ఇంట్లో మంచం కిందికి దూరుతాడు. ఆ మంచం కింద అప్పటికే దాగి ఉన్న రామప్పంతులుకూ అతనికీ ఆ క్షణంలో తేడా ఉండదు. ఈ భయం ప్రహసనానికి ప్రాణం. గిరీశం నిజంగా భయమెరుగని శీతలస్వభావుడైతే ఆ రంగంలో నవ్వు పుట్టదు. దూకుడు, హింస అన్న లక్షణాల్లోనూ అతనికి చెప్పుకోదగిన అంకె రాదు. శూద్రకుడి 'మృచ్ఛకటికం'లోని శకారుడు వసంతసేన గొంతు నులిమి ఆ నేరాన్ని చారుదత్తుడి మీదికి నెడతాడు. సంఘవ్యతిరేక మూర్తిమత్వానికి రంగస్థలం మీద నమూనా కావాలంటే శకారుడు దగ్గరగా ఉంటాడు. అతని పక్కన నిలబెడితే గిరీశం వేరే జాతి పాత్ర అని తెలుస్తుంది.

5. ఎవరి ప్రమాణం నుంచి తొలగినవాడు?

పైన చెప్పిన సామాన్య నియమాన్ని ఇప్పుడు పరీక్షించాలి. గిరీశం ప్రవర్తన అతని సంస్కృతి ఆశించే ప్రవర్తన నుంచి గణనీయంగా తొలగి ఉందా? ఉందనడానికి ఆ సంస్కృతి ఎలాంటిదో నాటకం నుంచే తెలుసుకోవాలి.

అగ్నిహోత్రావధాన్లు పెద్దకూతురు బుచ్చమ్మ వితంతువు. ఆమె స్థితిని కళ్ల ముందు చూస్తూనే చిన్నకూతురు సుబ్బిని 1800 రూపాయలకు వృద్ధుడైన లుబ్ధావధాన్లుకు ఇవ్వడానికి ఒప్పుకుంటాడు. భార్య నూతిలో పడినా సంబంధం మానుకోడు. ఇతరుల హక్కులను లక్ష్యపెట్టకపోవడం, పశ్చాత్తాపం లేకపోవడం అనే రెండు లక్షణాల్లో ఆయనకు గిరీశం కన్నా తక్కువ అంకె వేయడానికి కారణం కనిపించదు. రామప్పంతులు పెళ్లి మాటతో వితంతువైన మీనాక్షిని లోబరుచుకుని అవసరం తీరాక జారుకుంటాడు. లుబ్ధావధాన్లు లోభం ఆయన పేరులోనే ఉంది. చివరికి సదుద్దేశంతో బయలుదేరిన కరటకశాస్త్రి సైతం శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి, కన్యగా అమ్మి, ఒక మనిషి మీద హత్యానేరం పడే పరిస్థితిని తెచ్చిపెడతాడు.

లక్షణాల పట్టిక చేతపట్టుకుని అగ్రహారంలో అడుగుపెట్టిన వైద్యుడు ఎవరిని వదిలిపెట్టాలో తెలియక తికమకపడతాడు. వంచన ఇక్కడ ఒక మనిషి లక్షణం కాదు, నలుగురి వ్యవహారభాష. గిరీశం దాన్ని అందరికన్నా ధారాళంగా మాట్లాడతాడు, అంతే.

ఈ వాదం నాటకం లోపలి సాక్ష్యంతో ఆగదు. తొలికూర్పు ఆంగ్ల పీఠికలో గురజాడ ఒక లెక్క ఇచ్చాడు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల కాలంలో జరిగిన శుల్కవివాహాల జాబితాలో 1,034 నమోదయ్యాయి. వాటిలో 99 మంది పిల్లలకు పెళ్లినాటికి వయసు అయిదేళ్లు, ముగ్గురికి ఒక్క ఏడాది. సంఖ్యాపరంగా చూస్తే ఇది అపవాదం కాదు, ఆచారం. మనోవైద్యంలో 'ప్రమాణం' అన్నది అధికసంఖ్యాకుల ప్రవర్తన మీద ఆధారపడినంత కాలం ఏడాది పిల్లకు వెలకట్టిన తండ్రి సాధారణుడు, చుట్ట కాల్చి అప్పు ఎగ్గొట్టిన గిరీశం రోగి అవుతారు. ఈ తలకిందుల లెక్కను బయటపెట్టడానికే గురజాడ నాటకం రాశాడు. ఆ నాటకాన్ని చదవడానికి అదే లెక్కను కొలబద్దగా తీసుకుంటే నాటకం నోరు మూతపడుతుంది.

సోషియోపాత్ అన్న నిర్ధారణలోని ప్రమాదం ఇక్కడే ఉంది. అది దోషాన్ని ఒక మెదడులో నిక్షేపించి మిగిలినవారికి నిర్దోషపత్రం ఇస్తుంది.

6. స్వదేశీయ కొలబద్ద: విటుడు, ధూర్తుడు

పాశ్చాత్య మనోవిజ్ఞానానికి ప్రత్యామ్నాయంగా అలంకారశాస్త్రాన్ని నిలబెట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. గిరీశం ఏ నాటకసంప్రదాయం నుంచి వచ్చాడో గుర్తిస్తే ఏ ప్రశ్నలు అతనికి తగినవో తెలుస్తుంది. ధనంజయుడు 'దశరూపకం'లో ప్రతినాయకుణ్ణి లోభిగా, ధీరోద్ధతుడిగా, స్తబ్ధుడిగా, పాపిగా, వ్యసనిగా నిర్వచించాడు. వ్యసనం తప్ప మిగిలినవి గిరీశానికి అతకవు. స్తబ్ధత అతనిలో బొత్తిగా లేదు. దానికి బదులు భాణమనే రూపకభేదాన్ని చూడండి. అందులో ఒకే విటుడు రంగం మీద నిలిచి, తన అనుభవాలనో పరుల అనుభవాలనో ధూర్తచరితంగా ప్రేక్షకులకు చెప్పుకుంటాడు. బొంకులదిబ్బ మీద గిరీశం స్వగతం ఈ సంప్రదాయానికి చాలా సమీపంలో ఉంది.

దీనివల్ల ఒక ముఖ్యవిషయం తేలుతుంది. స్వగతం అంతరంగపు ఛాయాచిత్రం కాదు, ప్రేక్షకుడితో కుదుర్చుకునే ఒప్పందం. గిరీశం తన మోసాన్ని మనకు ముందుగానే చెబుతాడు. పూటకూళ్లమ్మకు తెలియనిది మనకు తెలుసు, వెంకటేశానికి అర్థంకానిది మనకు అర్థమవుతుంది. ఆ తెలివి మనకు దక్కిన లంచం. దాన్ని పుచ్చుకుని మనం నవ్వుతాం. ఈ నవ్వులోని భాగస్వామ్యాన్ని వ్యక్తినిర్ధారణ ఎంతమాత్రం వివరించలేదు. 1955లో పి. పుల్లయ్య దర్శకత్వంలో వచ్చిన చిత్రంలో ఆ పాత్రను ఎన్. టి. రామారావు ధరించారు. అగ్రనటుడి ముఖం ఆ పాత్రకు తగిలించాక ప్రేక్షకుడి మొగ్గు మరింత బలపడడం సహజం.

7. బుచ్చమ్మ వైపు నుంచి

ఇంతవరకు చెప్పినది గిరీశానికి అనుకూలవాదంగా ధ్వనించవచ్చు. ఆ ధ్వనిని సవరించవలసిన చోటు ఇది. సోషియోపాత్ అన్న మాట పొరపాటే అయినా దాన్ని వాడాలనిపించిన పాఠకుడి అసౌకర్యం పొరపాటు కాదు. ఆ అసౌకర్యానికి కేంద్రం బుచ్చమ్మ.

మనోవైజ్ఞానికులు సహానుభూతిని రెండు విధాలుగా విడదీస్తారు. ఎదుటివాడు ఏమనుకుంటున్నాడో గ్రహించగలగడం ఒకటి. దాన్ని తానూ అనుభవించగలగడం రెండవది. గిరీశంలో మొదటిది అపారం. బుచ్చమ్మతో నేరుగా మాట్లాడితే ఆమె బెదురుతుందని అతనికి తెలుసు. అందుకే ఆమె వినేటట్లుగా వెంకటేశానికి విధవావివాహాన్ని ఉపన్యసిస్తాడు. స్వర్గసుఖాలను ఆమెకు అర్థమయ్యే భాషలో కథలల్లుతాడు. తనతో వస్తేనే చెల్లెలి పెళ్లి తప్పుతుందని చివరికి నమ్మిస్తాడు. ఇక్కడ అతడు ఎరగా వేసినది ఆమె కామాన్ని కాదు, చెల్లెలి మీద ఆమెకున్న జాలిని. వైధవ్యం ఎలాంటిదో అనుభవించిన బుచ్చమ్మకు, సుబ్బికి అదే గతి పట్టకూడదన్న తపన ఉంది. ఆ ఇంట్లో ఉన్న పవిత్రమైన భావం అదొక్కటే. గిరీశం సరిగ్గా దాన్నే వెతికి పట్టుకున్నాడు.

అయితే రెండవ రకం సహానుభూతి అతనిలో పూర్తిగా లేదా? పాఠం దీన్ని నిశ్చయంగా తేల్చనివ్వదు. అతడు బుచ్చమ్మను లేవదీసుకుపోయి దారిలో వదిలేయలేదు. పెళ్లి కోసం సంస్కర్త ఇంటికి తీసుకొచ్చాడు. ఇది ప్రేమ అనడానికి ఆధారం చాలదు. సౌజన్యారావు ఆశ్రయం మీద ఆశ అనడానికి ఆధారం ఉంది. రెండూ కలిసి ఉండవచ్చు. గురజాడ ఈ మూలను చీకట్లోనే ఉంచాడు. నిర్ధారణ ఆ చీకటిని బలవంతంగా తొలగించాలని చూస్తుంది.

కానీ బుచ్చమ్మకు జరిగిన హానిని కొలవడానికి గిరీశం లోపల ఏముందో తేలవలసిన అవసరం లేదు. రోగి చేసినా, మోసగాడు చేసినా, సగం ప్రేమించినవాడు చేసినా ఆమె నమ్మకం అబద్ధపు పునాది మీదే కట్టారు. గిరీశం మాటల్లోని చమత్కారాన్ని పేజీలకొద్దీ విశ్లేషించి బుచ్చమ్మను 'అమాయకురాలు' అన్న ఒక్క విశేషణంతో దాటవేసే విమర్శ, వెంకటేశంలాగా గిరీశం ఉపన్యాసం విని తలూపుతున్నదని గ్రహించాలి.

8. నాటకంలోనే ఉన్న నిర్ధారణ

గిరీశాన్ని సరిగా చదివిన వ్యక్తి నాటకంలోనే ఉంది. మధురవాణికి అతని బలమూ తెలుసు, బలహీనతా తెలుసు. ఆమె అతణ్ణి రాక్షసుడుగా చూడలేదు. పురుషవేషంలో సౌజన్యారావు దగ్గరకు వెళ్లిన ఆమె సంభాషణ గిరీశం గుట్టు బయటపడడానికి దారితీస్తుంది. ఆమె బయటపెట్టినది అతని మూర్తిమత్వ సిద్ధాంతం కాదు, అతని పూర్వవృత్తాంతం: తనతో అతనికున్న సంబంధం. క్లెక్లీ చెప్పిన ముసుగును తొలగించడానికి మనోవిశ్లేషణ అవసరపడలేదు, ఒక నిజం చాలింది. ఆ నిజాన్ని చెప్పినది నీతిమంతుల సంఘం తన గడప తొక్కనివ్వని వేశ్య.

సౌజన్యారావు తీర్పు కూడా గమనించదగినది. ఆయన గిరీశానికి శిక్ష వేయలేదు, చికిత్సా సూచించలేదు. బుచ్చమ్మను అతని నుంచి వేరుచేసి పూనాలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు చేశాడు. నాటకం తన ముగింపు శక్తినంతా గిరీశం ఎవరన్న ప్రశ్న మీద ఖర్చు చేయలేదు. బుచ్చమ్మకు చదువుకునే చోటు, ఆలోచించుకునే వ్యవధి చూపడం మీద ఖర్చు చేసింది. ఒక మోసం నుంచి తప్పిన స్త్రీని ఇంకొక రక్షకుడికి అప్పగించడంతో ఆగకుండా, తన కాళ్లమీద నిలిచే అవకాశం వైపు పంపడం 1909 నాటి కూర్పులో కనిపించే ఆధునికత.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. లక్షణాల సంఖ్యను మాత్రమే లెక్కిస్తే గిరీశం సంఘవ్యతిరేక మూర్తిమత్వ రుగ్మతకు కావలసిన కనీస హద్దును అందుకుంటాడు. వంచన, బాధ్యతారాహిత్యం, పశ్చాత్తాపరాహిత్యం అతనిలో నిర్వివాదం.

2. 15 ఏళ్లకు ముందటి ప్రవర్తనకు పాఠంలో ఆధారం లేదు. కనుక నిర్ధారణ నియమబద్ధంగా పూర్తికాదు.

3. క్లెక్లీ పేర్కొన్న నిష్కారణ దుష్ప్రవర్తన, నిర్భయత్వం అతనిలో లేవు. అతని ప్రతి అబద్ధానికి భౌతికావసరం ప్రేరణగా ఉంది.

4. సంస్కృతి ప్రమాణం నుంచి తొలగుబాటు అన్న నియమం ఈ నాటకానికి వర్తించదు. ఆ ప్రమాణమే నాటకంలో ముద్దాయి.

5. పాత్ర పుట్టుక విట, ధూర్త సంప్రదాయంలో ఉంది. అతని ఆకర్షణలో ప్రేక్షకుడి భాగస్వామ్యం ఉంది. వ్యక్తినిష్ఠమైన నిర్ధారణ దీన్ని స్పృశించలేదు.

6. నిర్ధారణ విఫలమైనా ఆ ప్రశ్న వ్యర్థం కాదు. అది విమర్శ దృష్టిని గిరీశం చమత్కారం మీదినుంచి బుచ్చమ్మ నష్టం మీదికి మళ్లిస్తుంది.

మనోవిజ్ఞానాన్ని సాహిత్యవిమర్శ నుంచి బహిష్కరించాలని ఈ వ్యాసం వాదించడం లేదు. పట్టికను చేతిలోకి తీసుకున్న పరిశోధకుడు అందులో సరిపోయిన అంశాలతోపాటు సరిపోనివాటినీ లెక్కపెట్టాలని, ఒక పాత్రకు వేసిన అంకెలను దాని చుట్టూ ఉన్న పాత్రలకూ వేసి చూడాలని కోరుతుంది. ఇతర విలోమనాయక పాత్రలను అధ్యయనం చేసేవారికి కూడా ఈ రెండు జాగ్రత్తలు ఉపకరిస్తాయి. గిరీశం విషయంలో మాత్రం రుగ్మత అన్న మాట సంఘానికి ఊరట కలిగిస్తుంది. కన్యలకు వెలకట్టిన పెద్దమనుషుల మధ్య తెర లేపిన గురజాడ ఆ ఊరటను ఎవరికీ ఇవ్వదలచుకోలేదు.